మా బట్టలకు పేర్లున్నాయి

తెలుగు పత్రికల్లో ముస్లిం స్త్రీకి ఒకటే బట్ట. దాని పేరు బురఖా. ఆమె ఓటేస్తే బురఖాలో ఓటేసిన మహిళ. రేషన్ క్యూలో నిలబడితే బురఖా మహిళల బారు. రంజాన్ వచ్చిందంటే చార్మినార్ ముందు నాలుగు నల్లటి ఆకారాలు, కింద ఒక వ్యాఖ్య. కార్టూన్లో ముస్లిం అని తెలియాలంటే మగవాడికి గడ్డం, టోపీ గీస్తారు. ఆడదానికి ఒక నల్లగుడ్డ, రెండు కళ్లు గీస్తారు. సినిమాలో హీరో తప్పించుకోవాలన్నా బురఖాయే, దొంగ పారిపోవాలన్నా బురఖాయే, బాంబు పెట్టేవాడు దాక్కోవాలన్నా బురఖాయే. తెలుగులో 'ముసుగు' అన్న మాటకు వంచన అనే అర్థం ముందునుంచీ ఉంది. ఆ అర్థాన్నంతా తెచ్చి మా నెత్తిన కప్పారు.

నేను రెండు భాషల్లో బతుకుతున్నదాన్ని. ఇంట్లో ఉర్దూ, డెస్కు మీద తెలుగు. బట్టల విషయంలో తెలుగు పేద భాష కాదు. కోక, చీర, రవిక, లంగా, ఓణీ, పరికిణీ, కుచ్చిళ్లు, గోచీ, అంచు. చీర చివర ఒక్కదానికే కొంగనీ చెంగనీ పైటనీ ఎన్ని పేర్లు! ఇంత సంపద ఉన్న భాష మా గుమ్మం ముందుకు రాగానే ఎందుకు మూగబోతుంది? మమ్మల్ని దగ్గరగా చూడాలన్న అక్కర ఎవరికీ కలగకపోవడమే కారణమని నేనంటాను. పక్కింటి మనిషి పేరు నలభై ఏళ్లయినా తెలుసుకోనివాడు ఆమెను 'ఆ సాయిబులామె' అంటాడు చూడండి, ఇదీ అంతే.

కాబట్టి ముందు పేర్లు చెబుతాను.

బురఖా అంటే బయటికి వెళ్లేటప్పుడు మామూలు బట్టల మీద వేసుకునే, తల నుంచి పాదాల దాకా కప్పే పైవస్త్రం. దానిలోనూ రకాలున్నాయి. మా నానమ్మల తరం వేసుకున్నది తెల్లది. నెత్తిమీద టోపీలా కూర్చుని, అక్కడి నుంచి గుడారంలా జారేది. కళ్ల దగ్గర జాలీ ఉండేది. ఆ తర్వాతది నల్లది, రెండు ముక్కలది. కింద కోటు లాంటిది, పైన తలనూ భుజాలనూ కప్పే ముక్క, ముఖం మీదికి దించుకోవడానికీ వెనక్కి వేసుకోవడానికీ పల్చటి తెర. ఆ తెరను నఖాబ్ అంటారు. బురఖా వేసుకుని నఖాబ్ దించనివాళ్లు ఎంతోమంది. ఇవాళ హిజాబ్ అంటున్నది తలనూ మెడనూ చుట్టే రుమాలు. ముఖం పూర్తిగా కనిపిస్తుంది. అబాయా గల్ఫ్ నుంచి వచ్చిన పొడుగాటి అంగీ. చాదర్ కుట్టులేని గుడ్డ. జిల్లాల్లో చీర మీదే చాదర్ కప్పుకుని బస్సెక్కే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. చీర కొంగే తల మీదికి లాక్కుని సంతకు పోయే ఆడవాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్ల ఫోటోలు పత్రికల్లోకి రావు. వచ్చినా ముస్లిం అని ఎవరూ గుర్తుపట్టరు.

ఇక లోపలి బట్టల సంగతి. ముస్లిం స్త్రీ బురఖాతో లేచి బురఖాతో పడుకుంటుందనుకునే వాళ్లున్నారు గనక ఇదీ చెప్పాలి. షల్వార్ వేరు, చూడీదార్ వేరు. షల్వార్ నడుము దగ్గర వదులుగా ఉండి, నాడాతో బిగిస్తే కుచ్చులు పడుతుంది. చూడీదార్ కాలికి అంటుకుని ఉండి, మడమ దగ్గర గాజులు తొడిగినట్టు ముడతలు పడుతుంది. చూడీ అంటే గాజు, అందుకే ఆ పేరు. గరారా మోకాలి దాకా ఒక ముక్క, మోకాలి దగ్గర కుచ్చులు పోసి అతికిన వెడల్పాటి ముక్క ఇంకొకటి. ఆ అతుకు కనపడకుండా గోటా పట్టీ కుడతారు. షరారాకు ఆ అతుకు ఉండదు, నడుము నుంచే విచ్చుకుంటుంది. మా హైదరాబాద్ పెళ్లికూతురిది ఖడా దుపట్టా. చూడీదార్, చోళీ, పల్చటి కుర్తా, వాటన్నిటి మీదా ఆరు గజాల దుపట్టా. కుట్టుపనిలోకి దిగితే ఇంకా మాటలున్నాయి. మెడ కింది తెరుపు గిరేబాన్. చెయ్యి ఆస్తీన్. కింది ఘేరా దామన్. పక్కల చీలిక చాక్. ఘేరా కోసం నిలువునా చేర్చే ముక్క కలీ, అంటే మొగ్గ. నాడా దూర్చే గొట్టం నేఫా. అంచుకు కుట్టే సన్నటి గోటు మగ్జీ. ఇంట్లో కుట్టుమిషన్ ఉన్న ఏ ముస్లిం ఆడదాన్నడిగినా ఈ మాటలన్నీ చెబుతుంది. ఆమెను అడిగినవాళ్లే లేరు.

పేర్లలో ఏముంది అంటారా? చాలా ఉంది.

2021 డిసెంబర్‌లో ఉడుపి ప్రభుత్వ కాలేజీలో గొడవ మొదలైంది. ఆ పిల్లలు అడిగిందేమిటి? తలకు రుమాలు చుట్టుకుని తరగతిలో కూర్చోనివ్వమని. ముఖం కప్పుకుంటామని కాదు. 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న అక్కడి హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. ఇంత జరుగుతుంటే తెలుగులో చాలాచోట్ల ఆ వార్తకు పక్కన పడ్డ ఫోటో ఏమిటి? కళ్లు తప్ప ఏమీ కనిపించని స్త్రీ. నేను పనిచేసిన ఒక దినపత్రికలో 'హిజాబ్' అని పెట్టిన శీర్షికను రాత్రికి రాత్రే 'బురఖా' అని మార్చారు. ఎందుకని అడిగితే చోటు చాలలేదన్నారు. రెండిటికీ మూడేసి అక్షరాలే.

ముఖం దాచుకున్న విద్యార్థినికి పాఠం ఎలా చెప్పాలి అన్నది ఒక ప్రశ్న. తలకు గుడ్డ కట్టుకున్న పిల్లను గేటు దగ్గర ఎందుకు ఆపాలి అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెంటినీ ఒక్క మాటలో కలిపేస్తే, ఆ పిల్లలు అడగని దానికి జవాబు చెప్పి, అడిగిన దానికి శిక్ష వేయవచ్చు. ఫ్రాన్స్ 2004లో బడిపిల్లల తలగుడ్డ మీద ఒక చట్టం చేసింది, 2010లో ముఖం కప్పుకోవడం మీద మరో చట్టం చేసింది. ఆ రెంటినీ నేను ఒప్పుకోను. కానీ నిషేధించేవాళ్లకు కూడా తాము దేన్ని నిషేధిస్తున్నామో తెలుసు. మన ప్రజాస్వామిక పత్రికలకు తాము దేని గురించి రాస్తున్నాయో తెలియదు.

ముఖం దాచడం తురకల అలవాటు అనే మిత్రులను వాళ్ల తాతమ్మల గురించి అడగాలనిపిస్తుంది. ఘోషా అన్న మాట విన్నారు కదా? ఫార్సీలో గోషా అంటే మూల. మూలన ఉండటం. ఆ మాటను తెలుగువాళ్లు తీసుకుని 'గ'ను 'ఘ' చేసుకున్నారు. సంస్కృతం మాటలా కూర్చుంది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. మద్రాసు ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి పాత పేరులో 'కులం' ఆడవాళ్లూ 'గోషా' ఆడవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. రాజుల, వెలమల, కమ్మల, కాపుల పెద్ద ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాడి కంట పడేవాళ్లు కాదు. పల్లకీకి తెర, గూడుబండికి తెర. ఆ తెరను చరిత్రలో రాణివాసం అన్నారు, మర్యాద అన్నారు. అదే తెర మా ఇంటి గుమ్మానికి వేలాడితే వెనకబాటుతనం అన్నారు. నిజానికి తెర ఎప్పుడూ కలిగిన ఇళ్లదే. నాట్లు వేసే మాదిగ స్త్రీకి ఘోషా లేదు. దూది ఏకి ఊరూరా పరుపులు కుట్టిన దూదేకుల స్త్రీకీ లేదు. ఆకలికి ఏ తెరా ఆగదు.

ఇప్పుడు మీ బీరువా తెరవండి.

తెలుగుదనం ఉట్టిపడే పట్టుచీర అంచుకు ఉన్నది జరీ. ఫార్సీలో జర్ అంటే బంగారం. మీద వేసుకున్న జాకెట్టు ఇంగ్లీషు మాట, బ్లౌజూ ఇంగ్లీషు మాటే. దాని కాజా, బొత్తాం పోర్చుగీసువి. లోపలి అస్తరు ఫార్సీది. కుట్టిన దర్జీ ఫార్సీవాడు. జుబ్బా తొడుక్కుని తెలుగు సంస్కృతి మీద ఉపన్యసించే పెద్దమనిషి ఒంటి మీద ఉన్నది అరబ్బీ మాట. ఆయన చెయ్యి పెట్టుకున్న జేబూ అరబ్బీదే. తెలుగునేల కళ అని విమానాశ్రయాల్లో అమ్మే కలంకారీలో కలమూ కారీ రెండూ మా ఇళ్ల మాటలు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఆ గుడ్డ ఇరాన్‌కు ఓడలెక్కింది. చీరాలలో, పుట్టపాకలో నేసిన తేలియా రుమాళ్లు అరబ్బుల తలలకు చుట్టుకున్నాయి. నేసిన చేతులు పద్మశాలీలవి, పేరు ఫార్సీది, తల అరబ్బుది. ఇందులో ఎవరి స్వచ్ఛత ఎక్కడ మొదలవుతుంది?

ఇవాళ పెళ్లి అనగానే 'మగ్గం వర్క్' జాకెట్టు లేకుండా తెలుగు పెళ్లికూతురు పీటల మీద కూర్చోవడం లేదు. మగ్గం వర్క్ ఏమిటి? గుడ్డను కొయ్య చట్రానికి బిగించి, వంగి కూర్చుని, సూదితో జరీనీ పూసల్నీ దించే పని. దాన్ని ఉర్దూలో కార్‌చోబ్ అంటారు, జర్దోజీ అంటారు. పాతబస్తీ ఇరుకు గదుల్లో ఆ చట్రం మీద వంగి కళ్లు పోగొట్టుకునే చేతులు ఎక్కువగా ముస్లింలవి. జాకెట్టు వేలల్లో అమ్ముడుపోతుంది. కుట్టినవాళ్లకు దక్కేది దినకూలి. పనికి పేరూ మారిపోయింది, పనివాడి ఊసూ మాయమైంది.

షల్వార్ కమీజ్ కథ మరీ తమాషా. మా ఆడపిల్లలు తొడిగినంత కాలం అది తురకోళ్ల డ్రస్సు. తెలుగు ఊళ్లలో కాలేజీ పిల్లలు తొడగడం మొదలుపెట్టాక దాని పేరు పంజాబీ డ్రస్సు. మూడు సందుల అవతలి నుంచి వచ్చిందని ఒప్పుకోవడం ఇష్టంలేక, వెయ్యి మైళ్ల అవతలి నుంచి తెప్పించుకున్నారు. ఇవి మావి, తిరిగివ్వండి అని నేను అడగడం లేదు. బట్టలకు ఖతీబులూ పూజారులూ లేరు. ఇచ్చినవాళ్ల పేరు చెరిపేసి, ఆ ఇచ్చినవాళ్లనే పరాయివాళ్లనడం దగ్గరే నా పేచీ.

చీర గురించి కూడా ఒక మాట. చీర హిందూ బట్ట, బురఖా ముస్లిం బట్ట అనే పంచాయితీ ఎవరు చేశారో గాని, దానికి ఇరువైపులా సాక్షులున్నారు. దూదేకులవాళ్లది తెలుగు ఇల్లు. వాళ్ల ఆడవాళ్లు తరతరాలుగా చీరే కట్టారు. కృష్ణా, గుంటూరు, కర్నూలు, నల్లగొండ పల్లెల్లో ఎంతమంది ముస్లిం తల్లులు చీరకట్టుతోనే పుట్టిపెరిగి, చీరకట్టుతోనే నమాజు చదివి పోయారో! అంతెందుకు, 1931లో చివరి ఉస్మానియా ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్, అదే వంశపు నిలోఫర్ నిజాం కోడళ్లయ్యారు, ఆ తర్వాత హైదరాబాద్ వచ్చారు. వాళ్ల ఫోటోలు చూడండి. ఖలీఫా కూతురు చీర కట్టింది. నిలోఫర్ చీరకట్టు గురించి ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖలీఫా ఇంటి ఆడపడుచుకు చీరతో పోని ఇస్లాం, మస్తాన్‌బీకి పోతుందా?

నేను చీర కట్టుకుని సభకు వెళితే ఒక ప్రగతిశీల మిత్రుడు మెచ్చుకుంటాడు: "మీరు ముస్లింలాగా లేరండీ!" అదే చీరతో చుట్టాల ఇంటికి వెళితే ఒక కుర్రాడు, నిన్నమొన్న గడ్డం పెంచినవాడు, నిట్టూరుస్తాడు: "ఆపా, మీరు ముస్లింలాగా లేరు." ఒకరిది మెప్పు, ఇంకొకరిది నింద. వాక్యం మాత్రం ఒకటే. ముస్లిం స్త్రీ అంటే ఎలా ఉండాలో వీళ్లిద్దరికీ ముందే తెలుసు. ఆమెను అడగనక్కర లేదు. నా కొట్లాట ఈ ఇద్దరితోనూ.

ఉర్దూలో ఒక మాటుంది, అప్నే గిరేబాన్ మే ఝాంక్‌నా. మన మెడకింది తెరుపులోకి మనమే తొంగి చూసుకోవడం. మావాళ్లనూ ఆ పని చెయ్యమంటున్నాను. బురఖా అన్న మాట ఖురాన్‌లో లేదు. హిజాబ్ ఉంది గాని, అహ్‌జాబ్ సూరా 53వ ఆయత్‌లో దాని అర్థం తెర, తలగుడ్డ కాదు. నూర్ సూరా 31వ ఆయత్‌లో ఉన్నవి ఖిమార్, జుయూబ్. ఖిమార్ తల మీద వేసుకునే వస్త్రం. జుయూబ్ అంటే మెడ దగ్గరి తెరుపులు. దాని ఏకవచనం జైబ్. మనం తెలుగులో రోజూ చెయ్యి పెట్టుకునే జేబు ఆ మాటే. ఎదను కప్పుకోమన్న మాట మీద ఎంత గుడ్డ, ఏ రంగు, ఎన్ని పొరలు అన్నది పద్నాలుగు శతాబ్దాలుగా ఒక్కో దేశం ఒక్కో తీరుగా తేల్చుకుంది. మరి మా అమ్మల చాదర్, దుపట్టా, చీర కొంగు హఠాత్తుగా ఎందుకు చాలకుండా పోయాయి? గల్ఫ్ నుంచి రియాళ్లతో పాటు అబాయా వచ్చింది. రావడంలో తప్పులేదు, ఇష్టమున్నవాళ్లు తొడుక్కోవచ్చు. అది తొడగనిది సగం ముస్లిం అన్న తీర్పు కూడా దానితో పాటే వచ్చింది. దాన్ని నేను ఒప్పుకోను. తీర్పు చెప్పేవాళ్లు ప్యాంటూ షర్టూ వేసుకుని ఆఫీసుకు పోతారు. వాళ్ల ఒంటి మీది బట్టకు ఏ ఆయతూ అడ్డం రాదు. మతం మొత్తం మోసే బరువు ఆడదాని తల మీదే పడాలా? మెహర్ సంగతి, ఆస్తిలో ఆడపిల్ల వాటా సంగతి ఖురాన్‌లో బట్టలకంటే ఎంతో వివరంగా ఉంది. దాని మీద ఇంత పట్టుదల ఎప్పుడైనా చూశామా?

స్త్రీవాద మిత్రులకూ ఒక మాట చెప్పాలి. బురఖా తీసేస్తే విముక్తి అన్నారు మీరు. 1936లో ఇరాన్‌లో రెజా షా అదే చేశాడు. పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల చాదర్లు లాగేశారు. తలగుడ్డ లేకుండా గడప దాటలేక ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. 1979 తర్వాత అదే దేశంలో తలగుడ్డ తప్పనిసరి అయింది. 2022 సెప్టెంబర్‌లో మహసా అమీనీ అనే పిల్ల దాని పేరుమీదే పోలీసుల చేతుల్లో పడి చనిపోయింది. అదే ఏడాది ఉడుపి పిల్లలు తలగుడ్డ కోసం కోర్టుకెక్కారు, టెహ్రాన్ పిల్లలు తలగుడ్డ విసిరేసి వీధికెక్కారు. ఇవి ఒకదానికొకటి వ్యతిరేకమైన పోరాటాలని మన చర్చల్లో తేల్చారు. నాకలా కనిపించలేదు. నా తల మీద ఏముండాలో నువ్వు చెప్పొద్దు అని ఇద్దరూ సర్కారుతోనే అన్నారు.

మన ఊళ్లలో కథ ఇంకా చిక్కు. బురఖా వేసుకుంటేనే కాలేజీకి పంపుతానంటాడు తండ్రి. అది తీస్తేనే లోపలికి రానిస్తానంటాడు ప్రిన్సిపాల్. ఇద్దరి మధ్య గేటు దగ్గర నిలబడ్డ పిల్ల చేతిలో ఉన్నది హాల్‌టికెట్టు. ఆమె గురించి వ్యాసాలు రాసేవాళ్లు ఆ గుడ్డ పొడవు కొలుస్తారు గాని, ఆమె పరీక్ష రాసిందా లేదా అని అడగరు. బురఖాలో ఉన్నదానికి ఇల్లు అద్దెకివ్వని వీధి గురించి, చదువుకున్నా ఉద్యోగమివ్వని కంపెనీ గురించి ఎన్ని స్త్రీవాద వ్యాసాలొచ్చాయి? విముక్తి మాట ఎత్తేవాళ్లు ముందు అద్దె ఇల్లు చూపించండి.

మాకు ఇంకో పేరు కూడా పెట్టారు, ఆస్తీన్ కా సాంప్. చొక్కా చేతిలో దాక్కున్న పాము. ఇంటిగుట్టు పగవాడికి మోసేవాడని. క్రికెట్ ఆడితే ఆ అనుమానం, బాంబు పేలితే ఆ అనుమానం. ఇప్పుడు గుడ్డ కప్పుకుంటే కూడా ఆ అనుమానమే. చొక్కా చెయ్యి ఎవరు కుట్టారో మరిచిపోయినవాళ్లకు అందులో పాము కనిపిస్తుంది. 

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. రాసేవాళ్లు రాసేముందు చూడండి. అది రుమాలైతే రుమాలని రాయండి, నఖాబైతే నఖాబని రాయండి. తెలియకపోతే ఆ మనిషిని అడగండి, ఆమెకు నోరుంది, చాలామందికి తెలుగూ వచ్చు. పాఠ్యపుస్తకంలో ముస్లిం అమ్మ బొమ్మ గీయాల్సివస్తే ఒకసారి చీర కట్టించండి, ఒకసారి షల్వార్ తొడిగించండి, ఒకసారి బురఖా వేసి నఖాబ్ ఎత్తించండి, ఆమె నవ్వుతూ కనపడనివ్వండి. మసీదు మైకుల ముందు కూర్చున్న పెద్దలు ఆడపిల్లల బట్టలు కొలిచే టేపు కాస్త పక్కన పెట్టి, వాళ్ల బడి ఫీజుల లెక్క చూడండి. ఆమె ఏది తొడిగినా, ఏది తొడగకపోయినా, ముస్లిం అవునో కాదో తేల్చే హక్కు మీకూ లేదు, వాళ్లకూ లేదు.

విడదీయలేని జతను ఉర్దూలో చోళీ దామన్ కా సాథ్ అంటారు. రవికకూ కింది ఘేరాకూ ఉన్న పొత్తు. ఈ నేల మీద మీ మాటలకూ మా మాటలకూ ఉన్నది ఆ పొత్తే. జరీ తీసేస్తే మీ పట్టుచీరకు అంచు ఉండదు, చీర తీసేస్తే మా మస్తాన్‌బీకి ఒంటిమీద బట్ట ఉండదు. ఇంత కలిసి కుట్టుకున్నాక, మమ్మల్ని ఒక్క నల్లగుడ్డలో చుట్టి 'బురఖా' అని చీటీ అంటించడం ఇకనైనా ఆపండి. మా బట్టలకు పేర్లున్నాయి. వాటిలో ఉన్న మనుషులకూ ఉన్నాయి.